ఊపిరి పట్టకూడదట

మాది అనంతపురం జిల్లా. సముద్రం చూడాలంటే రైలెక్కాల్సిందే. మాకున్న నీళ్ళల్లా మా చిన్నాయన తోటలో బావి, వానలు బాగా పడ్డ ఏడాది రెండున్నర నిలువుల లోతు. నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి నన్ను అందులోకి తోసింది ఆయనే. బుర్ర విప్పేశాక పిల్లలందరికీ పందెం ఒకటే: ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగబట్టి అడుగున ఉంటారు? దాంట్లో నన్ను కొట్టినవాడు లేడు. అందుకే దక్షిణ కొరియాలో ఉద్యోగం చేస్తూ, జెజు ద్వీపంలో స్కూబా డైవింగ్ నేర్చుకుందామా అని మా ల్యాబ్‌లో పనిచేసే నూనా అడిగినప్పుడు వెంటనే సరేనన్నాను. నూనా అంటే కొరియన్‌లో మగవాళ్ళు అక్కను పిలిచే పిలుపు. ఆమెకు ఈత అంతంతమాత్రం. ఆమెను ఎలా కనిపెట్టుకోవాలా అన్నదే నా టెన్షన్ అంతా.

మొదటి అడ్డంకి నీళ్ళలో రాలేదు, కాగితం మీద వచ్చింది. కోర్సుకు ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపాలి. చెవి ఆపరేషన్, గుండె జబ్బు, మూర్ఛ, ఆస్తమా, ఇలా వరసగా ప్రశ్నలు. ఆరేడేళ్ళ వయసులో నాకు చలికాలం పిల్లికూతలు వచ్చేవి. అది రాయాలా వద్దా అని ఒక పూటంతా ఆలోచించి రాశాను. రాసినందుకు డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. ఆయన గొట్టంలోకి గట్టిగా ఊదించి, ఎక్స్‌రే తీయించి సంతకం పెట్టాడు. రెండు వారాలు ఆలస్యమైంది గానీ, దాచిపెట్టి నీళ్ళలోకి దిగి ఉంటే ఎక్కడో ఒకచోట అదే గుర్తొచ్చి భయపడేవాణ్ణి.

తర్వాత సియోల్‌లో 5 మీటర్ల లోతున్న పూల్‌లో రెండు రోజుల శిక్షణ. 200 మీటర్లు ఈదడం, 10 నిమిషాలు తేలుతూ ఉండడం నాకు బావి ఈతతోనే అయిపోయాయి. మాస్కులోకి నీళ్ళు రానిచ్చి ముక్కుతో ఊది బయటికి పంపడం, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ జారిపోతే దాన్ని వెతికి పట్టుకోవడం, ముక్కు మూసి ఊది చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడం కూడా నాలుగైదు సార్లలో వచ్చేశాయి. రానిది ఒక్కటే. ఏ కొత్త పని చెప్పినా, చేయబోయే ముందు నేను ఊపిరి బిగబట్టేస్తున్నాను. నాకు తెలియకుండానే. నోట్లో రెగ్యులేటర్ ఉంటుంది, వీపున సిలిండర్ నిండా గాలి ఉంటుంది, నేను మాత్రం మా బావిలోనే ఉంటాను. ఇన్‌స్ట్రక్టర్ తన ఛాతీ మీద చేయి పెట్టి ముందుకీ వెనక్కీ ఆడిస్తాడు. పైకి రాగానే అదే మాట: "సుమ్ స్విసెయో." ఊపిరి తీసుకోండి. సుమ్ అంటే ఊపిరి. ఆ రెండు రోజుల్లో ఈ మాట నేను విన్నన్ని సార్లు నా పేరు కూడా వినలేదు.

ఎందుకు వద్దో ఆయన బోర్డు మీద గీసి చూపించాడు. నీళ్ళలో ప్రతి 10 మీటర్లకూ ఒత్తిడి ఒక వాతావరణ పీడనం మేర, అంటే నేల మీద గాలి మనపై మోపే ఒత్తిడంత, పెరుగుతుంది. బావి గట్టు మీద పీల్చిన గాలితో మునిగితే అది లోపల కుంచించుకుపోయి, పైకి వచ్చేసరికి మళ్ళీ మొదటంతే అవుతుంది. ప్రమాదం లేదు. స్కూబాలో అలా కాదు. 10 మీటర్ల లోతున సిలిండర్ నుంచి ఊపిరితిత్తుల నిండా పీల్చి, బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెట్టింపవుతుంది. ఊపిరితిత్తులు చిట్లిపోవచ్చు. చిన్నప్పుడు నాకు మెచ్చుకోలు తెచ్చిన విద్యే ఇక్కడ ప్రాణం తీసే అలవాటు. అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఒళ్ళు వింటుందా?

అక్టోబరులో జెజు వెళ్ళాం. కొరియా దక్షిణ కొసన, సముద్రం మధ్య అగ్నిపర్వతం కక్కిన లావాతో ఏర్పడ్డ ద్వీపమిది. నడుమ హల్లాసాన్ కొండ ఎత్తు 1,947 మీటర్లు. దక్షిణాన సొగ్విపో పట్టణం ఎదురుగా మూడు చిన్న దీవులు కనిపిస్తాయి: సొప్‌సొమ్, మున్‌సొమ్, బొమ్‌సొమ్. సొమ్ అంటే దీవి. డైవర్లు ఎక్కువగా వచ్చేది ఈ మూడింటి చుట్టూనే. వేటగాడొకడు హల్లాసాన్ మీద బాణం వేస్తే అది గురితప్పి స్వర్గాధిపతికి తగిలిందట, ఆయన కోపంతో కొండ శిఖరాన్ని పెరికి విసిరేశాడట, ఆ ముక్కలే ఈ దీవులట. పడవ నడిపే పెద్దాయన ఈ కథ చెబుతుంటే నూనా నాకోసం అనువాదం చేసింది.

మొదటి రోజు సొప్‌సొమ్. నీళ్ళు 23 డిగ్రీలు, 5 మిల్లీమీటర్ల మందం వెట్‌సూట్, నడుముకు సీసపు బరువులు. పడవ రాతి అంచు దగ్గరికి తీసుకెళ్ళి దింపేస్తుంది. అక్కడే సామాను తగిలించుకుని, మాస్కునూ రెగ్యులేటర్‌నూ చేత్తో అదిమి పట్టుకుని, ఒక పెద్ద అంగ వేసి దూకడమే. మొదటి డైవ్ బాగానే జరిగింది. పైకి వచ్చి గేజ్ చూసుకుంటే సిగ్గేసింది. ఇద్దరం సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడి గాలితో దిగాం. నాకు 50 మిగిలితే నూనాకు 110 ఉంది. ఈత సరిగా రాని మనిషి అంత నెమ్మదిగా ఊపిరి తీసుకుంటోంది!

దాంతో రెండో డైవ్‌లో బుద్ధి తక్కువ పని చేశాను. గాలి ఆదా చేద్దామని పీల్చాక కాసేపు బిగబట్టి వదలడం మొదలుపెట్టాను. అది ఆదా కాదని తర్వాత తెలిసింది. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుని తలనొప్పి వస్తుంది, ఊపిరి ఇంకా ఎక్కువ కావాలనిపిస్తుంది. నాకు తలనొప్పి కన్నా ముందు ఇంకొకటి జరిగింది. నిండుగా పీల్చి ఆపిన ఊపిరితిత్తులు బుర్ర లాంటివే కదా, తేలిపోవడం మొదలుపెట్టాను. ఎదురుగా ఉన్న రాయి కిందికి జారుతోందనిపించింది. అప్పటికీ ఊపిరి వదల్లేదు, కంగారులో ఇంకా బిగించాను. ఇంతలో ఎవరో నా కాలికున్న ఫిన్, అదే ఈత రెక్క, పట్టుకుని లాగారు. ఇన్‌స్ట్రక్టర్ నా ముఖంలో ముఖం పెట్టి, రెండు వేళ్ళతో నా ఛాతీ మీద గట్టిగా పొడిచాడు. బుడగలు భళ్ళున బయటికొచ్చాయి. 9 మీటర్ల దగ్గర ఉండాల్సినవాణ్ణి, లోతు చూపే చేతి కంప్యూటర్ 6 చూపిస్తోంది.

పడవలో ఆయన కేకలు వేయలేదు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. ఈ డైవ్ లెక్కలోకి రాదు, మళ్ళీ చేయాలి అని మాత్రం చెప్పి థర్మాస్‌లోంచి వేడి టీ పోసిచ్చాడు.

ఆ సాయంత్రం బోమోక్ రేవు పక్కన నల్లరాళ్ళ మీద కూర్చున్నాను. కొంచెం దూరంలో నీళ్ళ మీద నారింజ రంగు బంతులు తేలుతున్నాయి. వాటి పక్కన తల పైకి లేచినప్పుడల్లా సన్నని ఈల, చూరు సందులో గాలి దూరినట్టు. హేన్యోలు. సిలిండర్ లేకుండా మునిగి నత్తలూ శంఖులూ నాచూ ఏరుకొచ్చే జెజు ఆడవాళ్ళు. 2016లో యునెస్కో వాళ్ళ సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. 1970లో 14,000 మందికి పైగా ఉన్నవాళ్ళు ఇప్పుడు 3,000 కూడా లేరు, ఉన్నవాళ్ళలో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళే. ఆ ఈలను సుంబిసోరి అంటారు. నిమిషం పైగా బిగబట్టిన ఊపిరిని పైకి రాగానే ఒక్కసారి వదిలే చప్పుడు అది. గట్టెక్కి వచ్చిన ఒకామె మా అవ్వ వయసు మనిషి. వల సంచి బరువుకు ఒక పక్కకు వంగి నడుస్తోంది. నూనా పలకరించి, నన్ను చూపిస్తూ ఏదో చెప్పింది. ముసలమ్మ నవ్వి అన్న మాటలో నాకు అర్థమైంది "ముల్‌సుమ్" ఒక్కటే. ముల్ అంటే నీళ్ళు. నీటి ఊపిరి. చేతికి అందేంత దూరంలో ఇంకొక్క నత్త కనిపిస్తే, ఊపిరి అయిపోతున్నా దానికోసం ఆగిపోయేవాళ్ళు మింగేదాన్ని అలా అంటారట. ఎవరి ఊపిరి ఎంతో వాళ్ళకు తెలిసి ఉండాలి, పక్కదాని సంచి చూసి మునగకూడదు అందట ఆమె. నా గేజూ నూనా గేజూ గుర్తొచ్చి నేనూ నవ్వాను.

మర్నాడు మున్‌సొమ్. దీని అంచున నీళ్ళలోకి గోడలా దిగిపోయే కొండరాయి ఉంది. పక్కనే సెక్కిసొమ్, అంటే పిల్ల దీవి. రెండింటి మధ్య పోటు వేళ ప్రవాహం ఉరవడిగా ఉంటుంది కాబట్టి సమయం చూసుకుని దిగుతారు. 2000లో మున్‌సొమ్, బొమ్‌సొమ్‌లను ప్రకృతి రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. నీళ్ళ అడుగున ఒక చిన్న గవ్వ కూడా ముట్టుకోవద్దని ఇన్‌స్ట్రక్టర్ ముందే హెచ్చరించాడు. స్కూబా సామానుతో దిగినవాళ్ళు ఏదీ పట్టకూడదు, అది హేన్యోల బతుకు.

ఈసారి ఒకటే పెట్టుకున్నాను. లెక్క. పీల్చేటప్పుడు నాలుగు, వదిలేటప్పుడు ఆరు. తెలుగులోనే, ఒకటో ఎక్కం చదివే పిల్లాడిలా. 5 మీటర్ల వరకూ లెక్క తప్పలేదు. పైనంతా జారిదోమ్ చేపలు, వేళ్ళంత చిన్నవి, జొన్నచేను మీద పిచ్చుకల్లా వేలకు వేలు. ఇదే చేపను పచ్చిగా తరిగి చల్లటి పులుసులో వేసి ఇక్కడివాళ్ళు ఇష్టంగా తింటారు (నేను తినలేకపోయాను, నూనాకు చెప్పకండి). కిందికి వెళ్ళేకొద్దీ గోడంతా మెత్తని పగడాలు. గట్టి సున్నపు పగడాలు కావు, గోబీపువ్వుల్లా ఉబ్బి ప్రవాహానికి ఊగుతుంటాయి. నీరు పారుతున్నప్పుడు ఉబ్బి, ఆగినప్పుడు ముడుచుకుంటాయి. ఇంత ఉత్తరాన ఇవి ఉన్నాయంటే దక్షిణం నుంచి వచ్చే కురోషియో వెచ్చని ప్రవాహపు పాయ వల్లనే. వీటి ఆవాసాన్ని కూడా 2004లో సహజ స్మారకంగా ప్రకటించారు. 16 మీటర్ల దగ్గర అవి నాకు బూడిద రంగులో కనిపించి కొంచెం నిరాశ కలిగింది. నీళ్ళు ముందు ఎరుపునే మింగేస్తాయి. ఇన్‌స్ట్రక్టర్ టార్చ్ వేశాడు. వేసిన చోటల్లా కుంకుమ, నారింజ, పసుపు. టార్చ్ పక్కకు తిప్పగానే మళ్ళీ బూడిద.

అలా చూస్తూ ఉండగా లెక్క ఎప్పుడు ఆపేశానో నాకు తెలియదు. పీలిస్తే కొంచెం లేస్తున్నాను, వదిలితే కొంచెం దిగుతున్నాను. ఫిన్లు కదపకుండానే ఒక పగడం పై నుంచి ఇంకొకదాని పైకి. ఇన్‌స్ట్రక్టర్ ఛాతీ మీద చేయి పెట్టి ఆడించలేదు, వేళ్ళతో ఓకే గుర్తు చూపించాడు. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి పైకి వచ్చాక గేజ్ చూస్తే 80 బార్లు. నూనాకు 105. పర్వాలేదు.

ఆ రోజే మిగిలిన డైవ్‌లూ అయ్యాయి. గాలి పెరగడంతో బొమ్‌సొమ్ మాత్రం కుదరలేదు, పడవలోంచే చూశాం. పులి పడుకున్నట్టు ఉంటుందని దానికి ఆ పేరు. 1374లో చ్వే యొంగ్ అనే కొరియా సేనాపతి చేతిలో తరిమివేయబడిన మంగోలు గుర్రాల కాపరులు చివరికి అక్కడే చిక్కుకున్నారట.

డైవ్ చేశాక 18 గంటలైనా విమానం ఎక్కకూడదు, రక్తంలో కరిగిన నైట్రోజన్ బయటికి పోవాలి. ఎత్తు రోడ్లూ మంచివి కావు. ఇక్కడ హల్లాసాన్ మీదుగా వెళ్ళే ఒక రోడ్డు పేరే 1100, అది మీటర్లలో దాని ఎత్తు. అందుకని మర్నాడు ఒడ్డు వెంబడి వెళ్ళే బస్సు ఎక్కి, తూర్పుగా తిరిగి, హాదోరి ఊళ్ళో హేన్యో మ్యూజియం చూడ్డానికి దిగాం. అద్దాల వెనక వాళ్ళ పాత సామాను: మాస్కులు, ఇనుప కొక్కేలు, నూలు బట్టలు. ఒక అరలో తేవాక్, నీళ్ళ మీద ఆనుకోవడానికి వాడే తేలుడు. ఇప్పుడు నారింజ బంతిలా కనిపించేది థర్మాకోల్‌ది. పాతది మాత్రం ఎండిన సొరకాయ బుర్ర. దాని చుట్టూ తాళ్ళ అల్లిక. నూనా రెండు అరలు దాటిపోయి వెనక్కి చూసింది, నేను అక్కడే నిలబడి ఉన్నాను. అక్కడి నుంచే చిన్నాయనకు వీడియో కాల్ చేశాను.

"చూడు చిన్నాయనా, మన బుర్ర."

"అవున్రా, మనదే! ఆడ గూడా కడతారా?" అని ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. "సముద్రంలో దిగినావంట గదా. ఎంతసేపు పట్టినావు ఊపిరి?"

"పట్టలేదు చిన్నాయనా. పట్టకూడదంట."

ఆయన కాసేపు నన్నే చూశాడు.

"మరి అదేం మునగడమురా!"