వార్సాలో పెరుగమ్మే వాడు

మన బడి వార్షికోత్సవానికి రవీంద్రుడి 'పోస్టాఫీసు' వేసినప్పుడు నాది పెరుగమ్మే వాడి వేషం. కావడి కన్నా పెట్టుడు మీసమే ఎక్కువ ఏడిపించింది. రిహార్సల్స్‌లో మా అల్లరి మితిమీరితే తెలుగు మాష్టారు ఆపి, "ఒరేయ్, చావు గుమ్మంలో ఉండగా ఈ నాటకం ఆడిన పిల్లలున్నార్రా" అన్నారు. ఆయన అంతకుమించి చెప్పలేదు. మిగతాది తర్వాత్తర్వాత చదువుకున్నాను.

1942 జూలై 18, పోలండ్‌లోని వార్సా ఘెట్టో, అంటే నాజీలు యూదుల్ని గోడ కట్టి బంధించిన పేట. యానుష్ కోర్చాక్ అనే యూదు డాక్టరు నడిపే అనాథాశ్రమంలో ప్రదర్శన. దర్శకత్వం ఎస్తేర్కా అనే యువతిది. నాలుగు రోజులకే, 22న, అక్కణ్ణుంచి ట్రెబ్లింకా మరణశిబిరానికి రైళ్లు మొదలయ్యాయి. ఎస్తేర్కాను ముందే పట్టుకుపోయారు. ఆగస్టు మొదటి వారంలో దాదాపు 200 మంది పిల్లల్ని తరలిస్తుంటే, తప్పించుకునే వీలున్నా కోర్చాక్ వాళ్ల వెంటే నడిచాడు.

నాటకంలో గది దాటకూడని జబ్బుపిల్లాడు అమల్, రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూస్తూ చివరికి నిద్రలోకి జారుకుంటాడు. పిల్లలు చావుకు బెదరకూడదనే కోర్చాక్ ఈ నాటకం ఎంచుకున్నాడని చాలామంది రాశారు. కావచ్చు. నా వేషం వల్లనేమో, నా ధ్యాసంతా పెరుగు సీను మీదే. పెరుగమ్మే వాడు పిల్లాడికి ఊరికే పెరుగిస్తాడు. 1941లో అక్కడి యూదులకు ఇచ్చిన రేషన్ రోజుకి 200 కేలరీలైనా లేదు. అలాంటి చోట "పెరుగో పెరుగు" కేక విన్న పిల్లలకు ముందు నోరూరి ఉంటుంది. చావు గురించి ఆలోచన ఆ తర్వాతే.

కోర్చాక్ డైరీలో ఒక చిత్రమైన ఊహ ఉంది: వేషం కట్టిన పిల్లలు మర్నాడు కూడా అందులోనే ఉండిపోతే? ఒకడు నిజంగానే ఫకీరై, ఇంకొకడు వైద్యుడై తిరిగితే? చావుకు సిద్ధం చేసే మనిషి మాటల్లా లేవవి. పిల్లల నాటకం దగ్గరుండి చూసి మురిసిన మాష్టారి మాటల్లా ఉన్నాయి.

అయినా అలాంటి చోట నాటకమేమిటి అన్నవాళ్లూ ఉన్నారు. అదే ఏడు విల్నా (ఇప్పటి లిథువేనియాలోని విల్నియస్) ఘెట్టోలో నాటకశాల తెరిస్తే, శ్మశానంలో నాటకాలాడరంటూ గోడల మీద కాగితాలు వెలిశాయి. వాళ్లను తప్పుపట్టలేం. ఊరి పక్క పొనారి అడవిలో అప్పటికే వేలమందిని కాల్చి చంపారు. అయినా నాటకశాల మూతపడలేదు. 1943లో ఘెట్టోనే ఖాళీ చేయించే ఏడు దాకా, మిగిలిన జనం టిక్కెట్లు కొనుక్కుని మరీ వచ్చారు.