డెర్ సరస్సుకి నీళ్లు తగ్గాక వెళ్లండి

పారిస్‌లో ఉండే మనవాళ్లని సెలవులకి ఎక్కడికెళ్లారని అడిగితే నార్మండీ బీచ్ అంటారు, లువార్ కోటలంటారు, ఇంకాస్త ఓపికున్నవాళ్లు ఆన్సీ సరస్సు అంటారు. డెర్ సరస్సు పేరెత్తితే మాత్రం "అదెక్కడ?" అని తిరిగి మననే అడుగుతారు. పారిస్‌కి తూర్పున సుమారు రెండొందల కిలోమీటర్ల దూరంలో, షాంపేన్ ప్రాంతంలోనే ఉంది. కాకపోతే ద్రాక్షతోటలూ వైన్ సెల్లార్లూ ఉండే షాంపేన్ కాదిది. ఇక్కడ నేలంతా బంకమట్టి. చుట్టూ ఓక్ అడవులు, చేపల చెరువులు, ఆవులు మేసే పచ్చిక, మధ్యాహ్నం పూట మనిషి కనపడని చిన్న చిన్న ఊళ్లు.

ఎక్కువమంది జులై, ఆగస్టుల్లో వెళ్తారు, ఈతకీ పడవలకీ. నా సలహా వేరు. అక్టోబర్ చివర్లోనో నవంబర్ మొదట్లోనో వెళ్లండి, అంటే సరస్సు చాలావరకు ఖాళీ అయిపోయి, బురదమేటలు తేలి, చూడగానే "ఇదేంటి ఇలా ఉంది" అనిపించే రోజుల్లో. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ సరస్సు అక్కడికెలా వచ్చిందో చెప్పాలి.

ఇది దేవుడిచ్చిన సరస్సు కాదు, ఇంజనీర్లు కట్టిన రిజర్వాయర్. 1910 జనవరిలో సెన్ నది పొంగి పారిస్‌ని ముంచేసింది, ఆస్టర్లిట్జ్ వంతెన దగ్గర నీటిమట్టం 8.62 మీటర్లకి చేరింది. ఆ దెబ్బ పారిస్ మర్చిపోలేదు. సరిగ్గా నగరం గుమ్మంలో, షారంతోన్ దగ్గర, మార్న్ నది వచ్చి సెన్‌లో కలుస్తుంది కాబట్టి ఆ మార్న్ నీళ్లని ఎగువనే పట్టి ఉంచాలనుకున్నారు. అలా 1974లో ఈ సరస్సు పుట్టింది. విస్తీర్ణం 4,800 హెక్టార్లు, పట్టే నీళ్లు 35 కోట్ల ఘనపు మీటర్లు, మన లెక్కలో చెప్పాలంటే 12 టీఎంసీల పైచిలుకు. చలికాలంలోనూ వసంతంలోనూ మార్న్ నుంచి, దాని ఉపనది బ్లేజ్ నుంచి కాలువల్లో నీళ్లు మళ్లించి నింపుతారు. జూన్ చివరికి నిండుకుండలా ఉంటుంది. జులై నుంచి మెల్లగా వదలడం మొదలుపెడతారు, వేసవిలో దిగువన నది ఎండిపోకుండా. అక్టోబర్ వచ్చేసరికి అడుగు కనపడుతుంది.

మరి అంత నేల ఎక్కణ్ణించి వచ్చింది? మూడు ఊళ్లు ఖాళీ చేయించారు: షాంపొబేర్-ఓ-బ్వా, న్విజ్‌మాన్-ఓ-బ్వా, షాంత్‌కోక్. పారిస్ మునగకూడదని ఇవి మునిగాయి. ఈ మాట వినగానే శ్రీశైలం రిజర్వాయర్ గుర్తుకురాని తెలుగువాడుండడు, అక్కడా కూడవెల్లి గుడిని విప్పి అలంపురం తెచ్చి మళ్లీ కట్టుకున్నాం కదా. న్విజ్‌మాన్ వాళ్లూ అదే పని చేశారు. వాళ్ల చర్చి మొత్తం కర్రతో కట్టింది, దాన్ని విప్పదీసి తీసుకెళ్లి సాంత్-మరీ-ద్యు-లాక్-న్విజ్‌మాన్ అనే ఊళ్లో నిలబెట్టారు. ఇప్పుడు దాని చుట్టూ పాత ఇళ్లవీ పనిముట్లవీ ఒక మ్యూజియం ఉంది. షాంపొబేర్ చర్చిది ఇంకో కథ. అది రాతిది, కాస్త ఎత్తు మీద ఉంది, దాన్ని అలాగే వదిలేశారు. ఇప్పుడది సరస్సులోకి పొడుచుకొచ్చిన నేల కొసన ఒంటరిగా నిలబడి ఉంటుంది, పక్కనే ఊరివాళ్ల సమాధులు. దానికి కూతవేటు దూరంలో బీచ్. వేసవిలో వెళ్తే స్విమ్మింగ్ డ్రెస్సుల్లో పిల్లలు ఐస్‌క్రీమ్ తింటూ ఆ చర్చి పక్కనుంచే నడిచిపోతుంటారు, అందులో తప్పేమీ లేదు గానీ నాకు కొంచెం ఎబ్బెట్టుగా అనిపించింది. షాంత్‌కోక్‌కి ఆ మాత్రం కూడా దక్కలేదు, సరస్సు పూర్తి పేరు "డెర్-షాంత్‌కోక్" లో తోకగా మిగిలింది.

ఇప్పుడు అసలు విషయం, కర్ర చర్చిలు. యూరప్‌లో చర్చి అంటే మనకి రాతి కట్టడమే మనసులో మెదులుతుంది. ఈ చుట్టుపక్కల కట్టడానికి పనికొచ్చే రాయి దొరకదు. దొరికేది ఓక్ మాను, బంకమట్టి. ఇళ్లూ గొడ్లచావిళ్లూ పావురాల గూళ్లూ వాటితోనే కట్టుకున్న వడ్రంగులు దేవుడికీ వాటితోనే కట్టారు. ఇలాంటివి ఈ ప్రాంతంలో ఓ పది దాకా ఉన్నాయి: లాంతీయ్, ఊతీన్, షాతియోన్-స్యూర్-బ్రూఏ, ద్రోనే, బాయీ-ల-ఫ్రాన్, ఇలా. చాలావరకు 15, 16 శతాబ్దాలవి. అన్నీ చూడక్కర్లేదు. ఒకదాన్ని నిదానంగా చూస్తే చాలు, రెండోది బోనస్.

నన్నడిగితే ఆ ఒక్కటీ లాంతీయ్. సన్నటి ఎనిమిది పలకల శిఖరం దూరం నుంచే కనిపిస్తుంది, ముందు వసారా, దాని పైన గోడంతా చెక్క పెంకులు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి. దగ్గరికెళ్లి గోడ మీద చెయ్యి పెట్టండి. ముందు నిట్రాళ్లు, వాటిని పట్టి ఉంచే ఏటవాలు దూలాలు, అన్నీ ఎండకీ వానకీ బూడిదరంగు తిరిగి, నిలువునా సన్నగా బీటలిచ్చి ఉంటాయి. రెండు దూలాలు కలిసేచోట చూస్తే ఇనప మేకు కనపడదు, గుండ్రటి చెక్క చీల తల కొద్దిగా బయటికి పొడుచుకుని ఉంటుంది. వడ్రంగులు ముందు నేల మీదే పరిచి, బెజ్జాలు తొలిచి, ముక్కముక్కకీ గుర్తు గీసుకుని, తర్వాత పైకి లేపి బిగించేవాళ్లు. దూలాల మధ్య ఖాళీల్లో తడిక అల్లి, గడ్డి కలిపిన మట్టి మెత్తారు. అలా బిగించింది కాబట్టే న్విజ్‌మాన్ చర్చిని విప్పి మోసుకెళ్లగలిగారు. రాతి చర్చికి అంత సుళువుగా కుదిరేది కాదు.

లోపలికెళ్తే చీకటిగా, చల్లగా, పాత చెక్క వాసన. పెద్ద చర్చిల్లో లాగా తల పైకెత్తి నోరు తెరిచేంత ఎత్తేమీ ఉండదు. ఎవరో పెద్దమనిషి ధాన్యపు కొట్లోకి వచ్చినట్టుంటుంది, అంతలో రంగుటద్దాల కిటికీ కనపడి ఇది కొట్టు కాదని తెలుస్తుంది. దగ్గర్లోని త్రువా నగరంలో 16వ శతాబ్దంలో అద్దాల చిత్రకారుల పని జోరుగా సాగింది, ఆ పనితనం ఈ పల్లెల దాకా వచ్చింది. అద్దాలు ఇంకా ఇష్టమైతే సెఫోన్ అనే ఊరి చర్చికి వెళ్లండి, రాతిదే కానీ కిటికీలు చాలా బాగుంటాయి.

తలుపు మూసి ఉంటే నిరాశపడి వెనక్కి రావద్దు, ముందు తలుపు మీద ఏదైనా కాగితం అంటించారేమో చూడండి. ఇలాంటి పల్లెల్లో తాళంచెవి ఏ ఇంట్లో ఉంటుందో అక్కడే రాసిపెట్టడం మామూలే.

ఊతీన్‌కి చర్చి కోసం కంటే ఊరి కోసం వెళ్లాలి. ఊళ్లో ఇళ్లు కూడా ఆ కర్ర దూలాలవే, వాటి మధ్య నడుస్తుంటే చర్చి విడిగా ఒక వింతలా కాకుండా ఆ ఇళ్లకే పెద్దక్కలా కనిపిస్తుంది.

మొంతియే-ఆన్-డెర్ గురించి చెప్పకపోతే పాపం. కర్ర కాదు, భారీ రాతి మఠం. 7వ శతాబ్దంలో సెయింట్ బెర్షేర్ స్థాపించాడు. ఇప్పుడున్న చర్చి ముందుభాగాన్ని 998లో ప్రతిష్ఠించారు. దాన్ని కట్టడం మొదలుపెట్టిన ఆడ్సో అనే మఠాధిపతి, లోకాంతంలో వచ్చే క్రీస్తు విరోధి మీద ఓ రాణి కోసం పుస్తకం రాసిచ్చినవాడు, 992లో జెరూసలేం యాత్రకి బయల్దేరి దారిలోనే పోయాడు. పని పూర్తవ్వడం చూడలేదు. 1940 జూన్‌లో యుద్ధంలో ఈ చర్చి తగలబడింది, తర్వాత ఏళ్ల తరబడి బాగుచేశారు. ముందుభాగం బోసిగా, బరువుగా ఉంటుంది, నాలుగడుగులు వేసి లోపలి గర్భాలయం దగ్గరికి చేరేసరికి ఒక్కసారిగా గోతిక్ శైలి మొదలై వెలుతురు దూకుతుంది. ఒకే కప్పు కింద రెండు వందల ఏళ్ల తేడా అంత స్పష్టంగా నాకింకెక్కడా కనపడలేదు.

ఈ సన్యాసులకీ ఇక్కడి పక్షులకీ సంబంధం ఉంది. మాంసం తినకూడని ఉపవాస దినాలకి చేపలు కావాలి, బంకమట్టి నేలలో నీళ్లు ఇంకవు, అందుకని మధ్యయుగంలో మఠాలవాళ్లు చెరువులు తవ్వించుకుంటూ పోయారు. ఓర్ర్ చెరువు లాంటివి అలా మిగిలినవే, ఇప్పుడది జాతీయ ప్రకృతి రక్షిత ప్రాంతం. అంటే పెద్ద సరస్సు రాకముందే ఇది నీటిపక్షుల దారి. 1974 తర్వాత ఆ దారిలో పెద్ద మజిలీ కూడా ఏర్పడింది.

ఆ మజిలీ కోసమే నవంబర్ అంటున్నాను. స్కాండినేవియా నుంచి, బాల్టిక్ దేశాల నుంచి, జర్మనీ, పోలాండ్‌ల నుంచి స్పెయిన్ వైపు వెళ్లే క్రౌంచ పక్షులు ఇక్కడ దిగుతాయి. వేలల్లో కాదు, పదుల వేలల్లో. 2019 నవంబర్‌లో ఒక రోజు లెక్క రెండు లక్షలు దాటింది. రెక్కలు చాపితే రెండు మీటర్ల పైన ఉండే పక్షి ఇది. రాత్రుళ్లు మడమలోతు నీళ్లలో నిలబడే నిద్రపోతుంది, నక్క అడుగు పెడితే నీళ్ల చప్పుడుకి మెలకువ వస్తుందని. మడమలోతు నీళ్లు ఎప్పుడుంటాయి? సరస్సు తగ్గినప్పుడు. పారిస్ కోసం వేసిన నీళ్ల టైంటేబుల్ పక్షుల టైంటేబుల్‌కి అతికినట్టు సరిపోయింది, ఎవరూ అనుకుని చేసింది కాదు.

మేం వెళ్లిన రోజు మధ్యాహ్నం కట్ట మీద నిలబడి మా ఆవిడ "ఇంత దూరం వచ్చింది ఈ బురద చూడ్డానికా?" అంది. నిజమే, మధ్యాహ్నం ఏమీ ఉండదు, పక్షులన్నీ చుట్టుపక్కల కోసేసిన మొక్కజొన్న చేలల్లో గింజలేరుకుంటూ ఉంటాయి. సూర్యాస్తమయానికి అరగంట ముందు షాంత్‌కోక్ వైపు కట్ట మీదికి రండి. ముందు చప్పుడొస్తుంది, బాకా ఊదినట్టు, గొంతులో గరగర కలిపిన అరుపు. తర్వాత ఆకాశంలో గీతలు, ఒకదాని వెనక ఒకటి, ఎంతకీ అవ్వవు. దిగే ముందు కాళ్లు కిందికి వేలాడేసి, రెక్కలు వంచి గాలిలో ఒక్క క్షణం ఆగినట్టయి దిగుతాయి. పెద్దవాటికి తల నలుపు, తెలుపు, నడినెత్తిన ఎర్ర మచ్చ, పక్కనే ఉండే పిల్లకి తల మట్టిరంగు. అమ్మానాన్నా పిల్లా విడిపోకుండా దిగడం బైనాక్యులర్స్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. బైనాక్యులర్స్ లేకుండా వెళ్లొద్దు. కారు డోర్లు ధడేల్మని వేయొద్దు, చేలల్లోకి దిగి వెంటపడొద్దు, ఎగిరిన ప్రతిసారీ వాటి ఓపిక ఖర్చవుతుంది.

రైతులకి ఇదంతా మురిపెంగా ఏమీ ఉండదు, కొత్తగా విత్తిన చేలో వేల పక్షులు దిగితే ఎవరికైనా మండుతుంది. అందుకే సాం-రెమీ-ఆన్-బూజ్‌మోన్ దగ్గర పక్షుల కోసమే పొలం కేటాయించి, అక్కడ మేత దొరికేలా చేశారు. మిగతా చేల జోలికి తక్కువగా పోతాయని.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. సరస్సు చుట్టూ సైకిల్ మీద సుమారు 40 కిలోమీటర్లు, చాలా దూరం కట్ట మీద చదునుగా ఉంటుంది, కానీ ఎదురుగాలి మొదలైతే అదే చదును శిక్ష. జిఫోమోన్‌లో పడవల రేవూ కాసినో ఉన్నాయి, ఆ కాసినో కోసం ఇంత దూరం రానవసరం లేదు. పారిస్ ఎస్త్ స్టేషన్ నుంచి విత్రి-ల-ఫ్రాన్స్వాకో సాం దిజియేకో రైలుంది, అక్కణ్ణించి కారు లేకపోతే కష్టం, పల్లెల మధ్య బస్సుల్ని నమ్ముకోవద్దు. మధ్యాహ్నం పన్నెండు దాటితే చిన్న ఊళ్లలో కొట్లు మూసేస్తారు, సోమవారమైతే ఇంకా ఘోరం, కాబట్టి పొద్దున్నే బేకరీలో తినడానికేదైనా కొనిపెట్టుకోండి. వేయించిన కార్ప్ చేప ఇక్కడి ప్రత్యేకం, ముళ్లుంటాయి, మనకి అదేం కొత్త కాదు. నవంబర్‌లో మొంతియే-ఆన్-డెర్‌లో జరిగే ప్రకృతి ఫొటోల పండగ రోజుల్లో వెళ్లాలనుకుంటే మాత్రం గది చాలా ముందే బుక్ చేసుకోవాలి, ఆ వారం చుట్టుపక్కలెక్కడా దొరకదు.