‘క్రి’ దగ్గరే చిరుగుతున్న కాగితం: ఈ ఏడాది క్రిస్మస్ కార్డుల పని ఎంతవరకు వచ్చిందంటే

ఈ సాయంత్రం ‘క్రిస్మస్’ అన్న మాట మొత్తంగా, ఎక్కడా చిరగకుండా కోత మెషిన్ జిగురు మ్యాట్ మీద నుంచి లేచింది! ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. అయితే ఇది తెల్ల కార్డ్‌స్టాక్ (దళసరి కార్డు కాగితం) మీద మాత్రమే. బంగారు రంగు మెటాలిక్ కాగితం మీద మాత్రం ‘క్రి’ దగ్గర అదే చోట చిరుగుతోంది. సెమీ క్రిస్మస్‌కి సంఘంలో పెద్దవాళ్ళకి ఇవ్వాల్సినవి బంగారు రంగువే కాబట్టి టెన్షన్ ఇంకా తగ్గలేదు. ఈ సమస్య గురించి తెలుగులో రాసింది నాకు ఎక్కడా కనబడలేదు. అందుకే నాకు తేలిన కొలతలన్నీ ఇక్కడ పెడుతున్నాను.

కార్డు ఇలా అనుకున్నాను. నిలువు ప్యానెల్, పైన ఒక నక్షత్రం, కింద ‘క్రిస్మస్’ అన్న అక్షరాలు కాగితంలోంచి పూర్తిగా తెగిపోయి కిటికీల్లా కనబడాలి. వెనక వెలుతురు దూరే పసుపు వెల్లమ్ కాగితం. దీపం ముందు నిలబెడితే అక్షరాలే వెలగాలి. ఇంగ్లీషులో ఇలాంటి డిజైన్లు కావలసినన్ని దొరుకుతాయి, మెషిన్‌కి ఇస్తే కోసేస్తుంది. కానీ ఈ కార్డు చేతికి తీసుకునే మామ్మలు తెలుగు బైబిల్ చదువుకునేవాళ్ళు. వాళ్ళకి తెలుగు అక్షరమే వెలగాలని నా పట్టుదల.

మెషిన్ సిల్హౌట్ క్యామియో 4, లోతు తనే సర్దుకునే ఆటోబ్లేడ్. కాగితం 250 జిఎస్ఎం (చదరపు మీటరుకి 250 గ్రాములు). ఫాంట్ రామభద్ర. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో కోతకి ఇంత లావుగా, నిండుగా ఉండేవి కొన్నే. మాటను ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైపు చేస్తాను. వత్తులూ గుడులూ అక్కడ సరిగ్గా కూర్చుంటాయి. తర్వాత అక్షరాల్ని పాత్‌గా, అంటే గీతలుగా మార్చి, యూనియన్ చేసి (ఒకదాని మీద ఒకటి పడ్డ ముక్కల్ని కలిపేసి), ఎస్‌విజి ఫైలుగా పంపుతాను. మెషిన్‌ని నడిపే సిల్హౌట్ స్టూడియో సాఫ్ట్‌వేర్ ఉచిత ఎడిషన్ ఎస్‌విజి తెరవదు, డిజైనర్ ఎడిషన్ కొనాలి. డీఎక్స్ఎఫ్ అనే ఇంకో రకం ఫైలుతో నెట్టుకురావచ్చు కానీ అందులో వంపులన్నీ చిన్న చిన్న గీతల ముక్కలవుతాయి. గుండ్రంగా ఉండే మన అక్షరాలకి అది పనికిరాదు. తెలుగు కోసేవాళ్ళకి ఆ డబ్బు దండగ కాదని నా అభిప్రాయం.

ఇక అసలు సంగతి. ‘క్రి’లో ర వత్తు, అదే క్రావడి, ‘క’ కింద నుంచి బయలుదేరి ఎడమ పక్కకి చుట్టుకుని పైకి వెళ్తుంది. ‘క’ ఒక కిటికీ, వత్తు ఇంకో కిటికీ. ఆ రెంటి మధ్య మిగిలేది కొడవలిలా వంగిన సన్నని కాగితపు పట్టీ. అక్షరం ఎత్తు 24 మి.మీ. పెడితే ఈ పట్టీ కింది భాగంలో 0.9 మి.మీ., ఎడమ పక్క 0.8 మి.మీ. వచ్చింది. చిరిగేది ఈ పట్టీయే. ‘స్మ’లో మ వత్తు కూడా విడిగానే ఉంటుంది కానీ అది కాస్త దూరంగా వేలాడుతుంది, ఇబ్బంది పెట్టలేదు. గుడి లోపల మిగిలే ముక్కకి రెండు వైపులా 1 మి.మీ. వంతెనలు వేశాను, నిలబడింది.

ముందు తేల్చుకోవలసింది కోసేటప్పుడు చిరుగుతోందా, లేపేటప్పుడా అన్నది. అందుకని మ్యాట్ బయటికి రాగానే, కాగితం ముట్టుకోకుండా భూతద్దం పెట్టి చూశాను. కింది భాగంలో నారలు అప్పటికే లేచి ఉన్నాయి, పట్టీ మధ్యలో వెంట్రుక మందాన చీలిక. అంటే తప్పు బ్లేడు వెళ్ళేటప్పుడే జరుగుతోంది. మ్యాట్ జిగురు మీద అనుమానం అక్కడితో పోయింది.

తర్వాత బ్లేడు. కొత్తది వేసినా అదే చోట చిరిగింది. ఫోర్స్ (బ్లేడు నొక్కే బలం) 30 నుంచి 26కి తగ్గిస్తే చీలిక చిన్నదైంది కానీ ‘స’ మూలలు పూర్తిగా తెగలేదు. ఫోర్స్ తగ్గించి రెండు పాస్‌లు ఇమ్మని, అంటే అదే గీత మీద రెండుసార్లు కోయమని చాలామంది చెబుతారు. కిటికీ కోతకి ఆ పద్ధతి నాకు నచ్చలేదు. మొదటి పాస్‌లోనే తెగిన అంచు రెండో పాస్‌కి కొంచెం జరిగి ఉంటుంది, బ్లేడు దాని పక్కన ఇంకో గీత గీస్తుంది, అంచంతా నూగులా లేస్తుంది. వేగం 5 నుంచి 2కి తగ్గించడం మాత్రం నిజంగా పనిచేసింది. వంపుల దగ్గర బ్లేడు తిరగడానికి సమయం దొరుకుతుంది.

ఇప్పుడు మన ఊరి గాలి. మా ఇల్లు విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, సముద్రం దగ్గరే. అల్పపీడనం ఉన్న రోజు గదిలో తేమ కొలిచే హైగ్రోమీటర్ 78 శాతం చూపించింది. కాగితం నారలు తేమని పీల్చుకుని ఉబ్బుతాయి, మెత్తబడతాయి. మెత్తబడిన అప్పడం విరగకుండా సాగినట్టే, తేమ పట్టిన కార్డ్‌స్టాక్ బ్లేడు కింద తెగకుండా సాగుతుంది. సాగి సాగి సన్నని చోట చిరుగుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి కాగితాలు రాత్రంతా ఉంచాను. పొద్దున డబ్బాలో 48 శాతం ఉంది. అంచులు ఎంత శుభ్రంగా తెగాయో చెప్పలేను. కానీ ఒక చిక్కుంది. డబ్బాలోంచి తీసిన కాగితం ఫ్యాన్ కింద పది నిమిషాలు ఉంటే చాలు, మళ్ళీ తేమ తాగి మూలలు మ్యాట్ మీద నుంచి లేస్తున్నాయి. కాబట్టి ఒక్కొక్క షీటే తీయాలి, వెంటనే మ్యాట్ మీద నొక్కాలి, వెంటనే కోయాలి. ఏసీ ఉన్న గదిలో మెషిన్ పెట్టుకోగలిగిన వాళ్ళు అదృష్టవంతులు.

ఇంత చేసినా పట్టీ కింది భాగం చాలా కార్డుల్లో చిరుగుతూనే ఉంది. అప్పుడు కాగితాన్ని అడ్డంగా తిప్పాను. డిజైన్ మాత్రం మెషిన్‌లో ఎలా ఉందో అలాగే ఉంచాను. కింది భాగం చెక్కుచెదరలేదు, ఈసారి ఎడమ పక్క చిరిగింది! ఈ ఒక్క ఫలితంతో సగం విషయం తేలిపోయింది. లోపం మెషిన్ కదలికలో ఉంటే కాగితం తిప్పినా చిరుగు పాత చోటే ఉండాలి. చిరుగు కాగితంతో పాటు తిరిగిందంటే కారణం కాగితంలోని నార వాటం, అంటే నారలు పరుచుకున్న దిశ. పట్టీ పొడవు నార వెంట ఉన్న చోట గట్టిగా ఉంటుంది, నారకి అడ్డంగా ఉన్న చోట తెగుతుంది. మన పట్టీ వంకర తిరిగినది కాబట్టి కాగితం నిలువుగా పెట్టినా అడ్డంగా పెట్టినా ఏదో ఒక భాగం నారకి అడ్డం పడక తప్పదు.

దీనికి తోడు మడత గొడవ. కార్డు మడత నార వెంటే పడాలి, లేకపోతే మడత మీద కాగితం పగులుతుంది, మెటాలిక్ కాగితమైతే లోపలి తెలుపు బయటపడుతుంది. పక్కకి తెరుచుకునే కార్డుకి మడత నిలువు, అంటే నార నిలువుగా ఉండాలి. పట్టీకి కావలసింది వేరు. ఒకే కాగితంతో రెండూ కుదరవు.

అందుకే ప్యానెల్‌ని కార్డు నుంచి విడదీశాను. మడత పెట్టే అడుగు కార్డు వేరు, కోత ప్యానెల్ వేరు. ప్యానెల్‌ని షీటు మీద 45 డిగ్రీల వాలులో పెట్టి కోస్తున్నాను. అలా పెడితే పట్టీ రెండు భాగాలకీ నార ఏటవాలుగా తగులుతుంది, ఏ భాగమూ పూర్తిగా అడ్డం పడదు. 5×7 అంగుళాల ప్యానెల్ వాలుగా పెడితే దాదాపు 8.5 అంగుళాల చదరం కావాలి, ఏ4 వెడల్పు 8.27 అంగుళాలే. ప్యానెల్‌ని 4.5×6.5కి తగ్గిస్తే 7.8 అంగుళాల్లో సరిపోయింది. షీటుకి ఒక్కటే వస్తుంది, నాలుగు మూలలా త్రికోణాలు మిగులుతాయి. కాగితం ఎక్కువే ఖర్చవుతోంది కానీ ఆ త్రికోణాల్లోంచి చెట్టుకి కట్టే చిన్న నక్షత్రాలు కోసుకుంటున్నాను.

ఇంకో కారణం లైన్ సెగ్మెంట్ ఓవర్‌కట్. మూలలు పూర్తిగా తెగడానికి బ్లేడు గీత చివర కొంచెం ముందుకు పోయే సౌకర్యం అది. కోసి అతికించే అక్షరాలకి చాలా మంచిది. కిటికీ కోతలో మాత్రం ఆ అదనపు గాటు తిన్నగా పట్టీలోకి దిగుతుంది, చిరుగు మొదలవడానికి ఆ గాటు చాలు. ‘క్రి’కి అది ఆపేశాను. కోసే వరస కూడా మార్చాను. వత్తుకి ఒక రంగు గీత, ‘క’కి ఇంకో రంగు ఇచ్చి, వత్తు ముందు తెగేలా పెట్టాను. చిన్న కిటికీ తెగేటప్పుడు చుట్టూ కాగితం ఇంకా గట్టిగా పట్టుకుని ఉంటుంది. అందుకే పట్టీ మీద లాగుడు తగ్గిందని నా ఊహ. దీన్ని విడిగా పరీక్షించలేదు, మిగతా మార్పులతో కలిపే చేశాను.

చివరగా పట్టీ వెడల్పు. వత్తుని కాస్త కిందికీ ఎడమకీ జరిపి 1.6 మి.మీ. చేస్తే బలంగా ఉంది. కానీ అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని చూసి, “ఇది ‘క్రి’ లా లేదమ్మా, ‘కి’ కింద ఏదో గీత పడ్డట్టుంది” అన్నారు. నిజమే, అక్షరం చదవబడకపోతే ఎంత బలంగా ఉండి ఏం లాభం? 1.3 మి.మీ. దగ్గర ఆవిడ ఒప్పుకున్నారు. తెలుగు అక్షరాల్ని కోతకి అనువుగా సాగదీసేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించడం చాలా అవసరం. ఇంకోటి: ‘స’ మీది తలకట్టు ఒంటితో కలవదు, కలిపితే అక్షరమే పాడవుతుంది. ‘ప’కి తలకట్టు కలిపితే ‘వ’ అయిపోతుంది. యూనియన్ చేశాక ఆ సందు అలాగే ఉందో లేదో ఓసారి చూసుకోండి.

ఈ రోజు పనిచేసిన సెట్టింగులు: తెల్ల 250 జిఎస్ఎం, బ్లేడు లోతు 5, ఫోర్స్ 28, వేగం 2, ఒకే పాస్, ఓవర్‌కట్ లేదు, 45 డిగ్రీలు, పట్టీ 1.3 మి.మీ., డబ్బాలో ఆరబెట్టిన కాగితం. లేపేటప్పుడు మ్యాట్‌ని బోర్లా వేసి, మ్యాట్‌నే వెనక్కి వంచాను, కార్డు బల్ల మీద చదునుగా ఉండిపోయింది.

బంగారు కాగితం ఎందుకు మొండికేస్తోంది? పెళ్ళిపత్రికలకి వాడే కాగితం అది, పైన మెరుపు పూత, లోపల తెలుపు. నా మొదటి అనుమానం పూత మీదే. పూత గట్టిగా, లోపలి నార మెత్తగా ఉంటే పై పొర తెగి, కింది పొర లాగబడుతుంది. భూతద్దంలో చూస్తే పై అంచు శుభ్రంగానే ఉంది, నూగంతా అడుగున ఉంది. రెండో అనుమానం తేమ. పూత ఉన్న వైపు నుంచి తేమ బయటికి పోదు కాబట్టి ఒక్క రాత్రి ఆరబెడితే చాలకపోవచ్చు. కట్టలా పెట్టకుండా షీట్ల మధ్య సందు ఉంచి, రెండు రాత్రులు పెట్టి చూస్తాను. తర్వాత కాగితాన్ని తిరగేసి, తెల్ల వైపు నుంచి, డిజైన్ అద్దంలో చూసినట్టు తిప్పి కోస్తాను. అప్పుడు నూగు వచ్చినా పూత పక్కన, చేత్తో రుద్దితే పోయేలా ఉంటుందని ఆశ. ఇదీ కుదరకపోతే కోత తెల్ల కాగితం మీదే చేసి, అడుగు కార్డుని బంగారు రంగులో ఇస్తాను. అదీ అందంగానే ఉంటుంది.

మిగతా పనులు బాగా సాగుతున్నాయి. ‘శుభాకాంక్షలు’ అన్న మాట కార్డు లోపల మెషిన్‌కి పెన్ హోల్డర్ తగిలించి పెన్నుతో గీయించాను, చక్కగా వచ్చింది. వరండాలో కట్టే జాలీ నక్షత్రం 180 జిఎస్ఎంలో కోసి, వెనక ట్రేసింగ్ పేపర్ అంటించి, లోపల చిన్న ఎల్ఈడీ బల్బు పెట్టాను. పశువుల తొట్టి బొమ్మ మూడు పొరల్లో పూర్తయింది. అతికించడానికి డబుల్ సైడెడ్ టేపే నా మాట. తెల్ల గమ్‌లో నీళ్ళుంటాయి, ఇంత కష్టపడి ఆరబెట్టిన కాగితానికి మళ్ళీ నీళ్ళు తాగించడం నాకు ఇష్టం లేదు.

కార్డులు అయిపోగానే మొరేవియన్ నక్షత్రం మొదలుపెడతాను. 1830ల్లో జర్మనీలోని నీస్కీ అనే ఊళ్ళో, మొరేవియన్ సంఘం వాళ్ళ బడిలో జామెట్రీ పాఠంగా పుట్టిన నక్షత్రం అది. మన వీధుల్లో డిసెంబర్‌లో వేలాడేవి ఎక్కువగా ఐదు కొనలవి. దీని లోపలి ఆకారానికి 26 ముఖాలు, ముఖానికో కొన, వేలాడదీయడానికి ఒకటి వదిలేస్తే 25 కొనలు: చదరపు అడుగువి 17, త్రికోణపు అడుగువి 8. అడుగు భుజం అన్నిటికీ ఒకటే ఉండాలి. 40 మి.మీ. భుజం, 120 మి.మీ. కొన అనుకుంటున్నాను, ఒక్కో కొన ఏ4 షీటులో హాయిగా పడుతుంది. ఇక్కడ వంకర పట్టీలు లేవు, అన్నీ తిన్నని మడతలే, కాబట్టి నార వాటం ప్రతి కొనకీ పొడవునా ఉండేలా పెడితే చాలు. క్యారల్స్ రౌండ్స్‌కి మా వీధిలోకి వచ్చే రాత్రికి దాన్ని గేటు మీద కట్టాలని ఉంది. మీలో ఎవరైనా తీరంలో ఉంటూ మెటాలిక్ కాగితం మీద తెలుగు వత్తులు కిటికీలుగా కోసి ఉంటే, మీ ఫోర్సు ఎంతో, కాగితం ఏ వైపు నుంచి కోశారో రాయండి. అది చూశాకే శనివారం నాడు మిగిలిన బంగారు షీట్లు మెషిన్‌లో పెడతాను.