ఆరొందల మీటర్ల తంటా

స్నైపింగ్, అంటే దూరం నుంచి దాక్కుని తుపాకీతో కొట్టడం, చెయ్యి వణక్కుండా గురిపెట్టడమేనని చాలాకాలం అనుకున్నాను. ఫోన్లో పబ్జీ ఆడిన అలవాటు అది. అక్కడ మార్కర్ పెడితే ఎన్ని మీటర్లో పక్కనే అంకె కనిపించేది, ఇక ఆలోచించే పనేముంది? 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను మన దేశంలో నిషేధించాక, విజయవాడలో ఉండే మా బావ "ఫోన్ ఆటలు చాల్లేరా, పీసీలో ఆర్మా 3 ఆడదాం" అన్నాడు. ఆదివారం రాత్రుళ్లు ఏడెనిమిది మందిమి కలిసి ఆడేవాళ్లం. మాలో ఒక షరతు ఉండేది: దూరం కొలిచి చెప్పే పరికరం, రేంజ్‌ఫైండర్, ఎవరూ వాడకూడదు. అది పెట్టింది బావే. ఎందుకు ఒప్పుకున్నానా అని తర్వాత చాలాసార్లు తిట్టుకున్నాను.

ఆర్మా 3 అనే ఈ యుద్ధం ఆటను చేసింది చెక్ దేశపు బొహీమియా ఇంటరాక్టివ్. 2013లో వచ్చింది. అందులోని అల్టిస్ అనే దీవిని గ్రీసులోని లెమ్నోస్‌ను చూసి కట్టారు. 2012లో ఆ దీవికి వెళ్లిన ఈ సంస్థ ఉద్యోగులు ఇద్దరిని సైనిక స్థావరాలకు ఫొటోలు తీశారని గ్రీసు పోలీసులు పట్టుకుని, గూఢచర్యం కేసు పెట్టి, నాలుగు నెలలకు పైగా జైల్లో ఉంచారు. అంత పెద్ద దీవిలో, కొండ మీద బోర్లా పడుకుని, కింద ఊళ్లో తిరిగే మనిషిని కొట్టాలి. తూటా ఎగురుతూ కిందికి జారుతుంది కాబట్టి తుపాకీ మీది దుర్భిణికి, అంటే స్కోప్‌కు, ముందే దూరం చెప్పాలి. దీన్ని జీరోయింగ్ అంటారు. పేజ్ అప్, పేజ్ డౌన్ మీటలతో నూరేసి మీటర్లు పెంచుకుంటూ, తగ్గించుకుంటూ పోవడమే. ఎంత పెట్టాలన్నదే అసలు గొడవ.

"ఎంత ఉంటుంది బావా?"

"ఓ నాలుగొందలు ఉంటుందిరా."

నాలుగొందలు పెట్టి కొడితే వాడి ముందు దుమ్ము లేచేది. వాడు గోడ చాటుకు పోయేవాడు. కాసేపటికి ఎక్కడి నుంచో వచ్చిన తూటాకి నేనే పోయేవాణ్ని. ఆట అయ్యాక మ్యాప్‌లో నూరు మీటర్ల గళ్లు లెక్కపెట్టుకుంటే ఆ నాలుగొందలు కాస్తా ఆరొందలయ్యేది. కొండ మీంచి చూస్తే మధ్యలో లోయ ఉంటుంది, కంటికి ఆనడానికి చెట్టూ పుట్టా ఏమీ ఉండవు. అందుకని ప్రతిదీ దగ్గరగానే అనిపిస్తుంది. రెండొందలు తేడా వస్తే ఏమవుతుందో ఒకసారి లెక్క వేసుకున్నాను. రైఫిల్ తూటాకి ఆరొందల మీటర్లు పోవడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. ఒక సెకనులో భూమి దేన్నైనా 4.9 మీటర్లు కిందికి లాగుతుంది. జీరోయింగ్ చేసే పని ఆ లోటును ముందే పూడ్చడం. దూరం తప్పు చెబితే లోటు లోటుగానే ఉండిపోతుంది.

అప్పుడు నా కళ్లు స్కోప్‌లోని చుక్కల మీద పడ్డాయి. అప్పటిదాకా అవి అందానికి పెట్టారనుకున్నాను. ఒక చుక్క నుంచి పక్క చుక్కకు ఒక మిల్, అంటే కోణాన్ని కొలిచే ఒక చిన్న కొలత. వెయ్యి మీటర్ల దూరంలో ఉన్న ఒక మీటరు వస్తువు స్కోప్‌లో సరిగ్గా ఒక మిల్ ఆక్రమిస్తుంది. అదే వస్తువు ఐదొందల దగ్గరుంటే రెండు మిల్‌లు. కాబట్టి మీటర్లలో మనిషి ఎత్తును వెయ్యితో హెచ్చవేసి, అతను ఎన్ని మిల్‌లు ఉన్నాడో దానితో భాగిస్తే దూరం మీటర్లలో వచ్చేస్తుంది. ఇది పదో తరగతిలో చదివిన త్రికోణమితి అనువర్తనాలే. గోపురం అడుగు నుంచి పరిశీలకుడి దూరం కనుక్కోమనేవారు కదా, అదే. అప్పుడు బట్టీ కొట్టి పాసైపోయాను.

సూత్రం తెలిసింది కానీ మనిషి ఎత్తు ఎంత? ఇక్కడ ఒకరి మాట నమ్మదలచుకోలేదు. మనుషులను మనకి కావలసిన చోట పెట్టుకోడానికి ఆటలో ఎడిటర్ ఉంది, బల్లపరుపుగా ఉండే వీఆర్ అనే మ్యాప్ కూడా ఉంది. ఒక శనివారం మధ్యాహ్నం కూర్చుని మూడొందల నుంచి వెయ్యి దాకా మనుషులను వరసగా నిలబెట్టాను. స్కోప్ పూర్తిగా జూమ్ చేసి ఒక్కొక్కరినీ పాదం నుంచి నడినెత్తి దాకా కొలిచాను. మూడొందల మీటర్ల వాడు 6 మిల్‌లు, నాలుగొందల వాడు 4.5, ఐదొందల వాడు 3.6, ఆరొందల వాడు 3. అంటే మనిషి 1.8 మీటర్లు. తలుపు ఎత్తు కూడా ఇలాగే తేల్చాను, 2.1 దగ్గర వచ్చింది. ఆట మధ్యలో భాగహారం చేయడం నా వల్ల కాదని ఇవన్నీ ఒక కాగితం మీద రాసి మానిటర్ అంచుకి అతికించాను. అమ్మ చూసి "ఎవరి చీటీ లెక్కలురా ఇవి?" అంది.

ఆ కాగితంతో మరుసటి రోజు రాత్రి ధీమాగా కూర్చున్నాను. ఊళ్లో ఒక మేడ ముందు నిలబడ్డవాడు కనిపించాడు. కొలిస్తే 1.8 మిల్. కాగితం చూశాను, వెయ్యి మీటర్లు. జీరోయింగ్ వెయ్యికి పెట్టి వదిలాను. తూటా వాడి నెత్తి దాటి, తలుపు దాటి, మేడ మీది పిట్టగోడకు తగిలింది. బావ హెడ్‌సెట్‌లో పడీపడీ నవ్వాడు. "పావురాలను కొడుతున్నావా?"

తప్పెక్కడో తెలుసుకోడానికి రెండు రోజులు పట్టింది. చూస్తే సిగ్గేసింది. శనివారం పూర్తి జూమ్‌లో కొలిచాను. ఆదివారం ఊరంతా ఒకేసారి కనబడాలని జూమ్ సగానికి తగ్గించుకున్నాను. జూమ్ తగ్గిస్తే మనిషి సగానికి చిన్నవాడయ్యాడు, నా స్కోప్‌లో చుక్కలు మాత్రం కదలకుండా అలాగే ఉన్నాయి. 3.6 ఉండాల్సింది 1.8 కనిపించింది. ఐదొందలు వెయ్యి అయింది. నిజం స్కోపుల్లోనూ రెండు రకాలున్నాయి: జూమ్‌తో పాటు గీతలూ పెరిగేవి ఒకటి, గీతలు అలాగే ఉండేవి ఒకటి. రెండో రకంలో కొలత ఒక్క జూమ్ దగ్గరే సరిపోతుంది. కాగితం పైన ఎర్రపెన్నుతో 'ఫుల్ జూమ్' అని పెద్దగా రాసుకున్నాను.

ఇంకో చిక్కు పదో వంతుల దగ్గర వచ్చింది. 4.5 చదవాల్సిన చోట 4.4 చదివినా దూరం 400కి బదులు 409 వస్తుంది, ఫరవాలేదు. వెయ్యి మీటర్ల దగ్గర 1.8కి బదులు 1.7 చదివితే 1,059 అవుతుంది. ఒక్క పదో వంతుకి దాదాపు అరవై మీటర్లు. అందుకే ఎనిమిదొందలు దాటితే నేను కొట్టను. కొట్టానని చెప్పుకునేవాళ్ల మొదటి తూటా ఎక్కడ పడిందో అడిగి చూడండి.

బావతో పెద్ద వాదన జరిగింది మాత్రం డ్రాగునోవ్ అనే రష్యా స్నైపర్ రైఫిల్ మీద. ఆర్‌హెచ్‌ఎస్ అనే మాడ్, అంటే ఆటకి బయటివాళ్లు చేసిన అదనపు భాగం, వేసుకుంటే ఆటలోకి రష్యా ఆయుధాలు వస్తాయి, బావకి అవే ఇష్టం. డ్రాగునోవ్ మీద ఉండే పీఎస్ఓ-1 స్కోప్‌లో లెక్కలక్కర్లేదు. ఎడమ పక్కన కింద ఒక అడ్డగీత, దాని పైన వాలుగా దిగే వంపు గీత, ఆ వంపు మీద 2, 4, 6, 8, 10 అంకెలు ఉంటాయి. మనిషి పాదాలను అడ్డగీత మీద ఆనించి, తల వంపుకి ఎక్కడ తగులుతుందో చూసుకుంటే చాలు, అక్కడున్న అంకె ఎన్ని వందల మీటర్లో చెబుతుంది. నిరక్షరాస్యుడైన సైనికుడు కూడా వాడగలిగేంత తేలిక. నాకు అసూయ కలిగింది కూడా.

అయితే ఒకే మనిషిని ఇద్దరం కొలిస్తే నాకు 600 వచ్చేది, బావకి 570. ప్రతిసారీ అంతే, బావది కొంచెం తక్కువ. "నీ చుక్కలు సరిగ్గా చూడట్లేదురా" అని ఆయన, "నీ పాదాలు గీత మీద లేవు బావా" అని నేను. చివరికి తేలిందేమిటంటే పీఎస్ఓ-1 వంపును 1.7 మీటర్ల మనిషికి గీశారు. ఆర్మాలో మనిషి 1.8. కాస్త పొడుగున్నవాణ్ని ఆ స్కోప్ కాస్త దగ్గరున్నవాడనుకుంటుంది. 600ని 1.7తో హెచ్చవేసి 1.8తో భాగిస్తే 567. ఎవరి కొలతా తప్పు కాదు. ఆ రోజు నుంచి బావ చెప్పిన ప్రతి వందకీ ఆరు కలుపుతాను. ఆయనకి ఇది నచ్చదు.

మొన్నటి ఆదివారం ఊరి చివర ఇంటి ముందు ఒకడు నిలబడ్డాడు. పూర్తి జూమ్ వేశాను. 2.6 మిల్. కాగితం ప్రకారం దాదాపు 690 మీటర్లు. జీరోయింగ్ ఏడొందలకి పెట్టబోతూ ఎందుకో ఆగాను. వాడి వెనకే తలుపు ఉంది, గడప కూడా కనిపిస్తోంది. తలుపు కొలిస్తే 3.5. 2.1ని వెయ్యితో హెచ్చవేసి 3.5తో భాగిస్తే సరిగ్గా ఆరొందలు. రెంటికీ తొంభై మీటర్ల తేడా. మళ్లీ మనిషిని చూశాను. పిక్కల సగందాకా ఎండుగడ్డి. నేను పాదాలనుకుంటున్నది గడ్డి అంచు. జానెడు కాలు గడ్డిలో మునిగిపోతే మనిషి ఏడొందల దూరానికి జరిగిపోయాడు.

"బావా, నీకెంత వచ్చింది?"

"ఆరొందల యాభై."

"నువ్వూ గడ్డినే కొలిచావు," అన్నాను. ఆరొందలకి పెట్టి నడుము బెల్టు మీద గురి నిలిపి వదిలాను. సెకను గడిచింది.

"పడ్డాడ్రా," అన్నాడు బావ. "కుడిపక్క మేడ మీద ఇంకోడు. పిట్టగోడ వెనక తల ఒక్కటే కనిపిస్తోంది."

తల ఎత్తు ఎంతో నేనింకా కొలిచి పెట్టుకోలేదు.