స్కూటర్ సైడ్ కవర్ సర్ఫేస్ మోడల్: పని ఎంతవరకు వచ్చింది

ఫైబర్‌గ్లాస్ అచ్చుకి నమూనాగా 3డీ ప్రింట్ తీయడానికి కంప్యూటర్‌లో సర్ఫేస్‌లతో (మందం లేని ముఖాలతో) కడుతున్న ఈ మోడల్, పాత గేర్ స్కూటర్‌కి ఇంజిన్ వైపు ఉండే సైడ్ కవర్. పొడవు 520 మి.మీ., ఎత్తు 270, బయటికి ఉబ్బు 85. సాఫ్ట్‌వేర్ ఆటోడెస్క్ వాళ్ల 3డీ డిజైన్ ప్రోగ్రామ్ ఫ్యూజన్, సొంత పనులకి ఉచితంగా ఇచ్చే పర్సనల్ లైసెన్స్. ఎడిట్ చేసుకునేలా ఉంచుకోగల ఫైళ్లు పదే, మిగతావి ఆర్కైవ్‌లో పెట్టుకోవాలి. అది తప్పిస్తే ఈ పనికి కావాల్సిన సర్ఫేస్ టూల్స్ అన్నీ అందులో ఉన్నాయి. కొలతలకు హైదరాబాద్ పుత్లీబౌలి స్పేర్ పార్టుల షాపుల్లో దొరికే పాత రేకు కవర్ చాలు. సొట్టలున్నా ఫర్వాలేదు, సొట్ట లేని చోట కొలిస్తే సరి.

ఫొటోలు, కొలతలు

ఫొటోని కాన్వాస్‌గా (గీయడానికి వెనక ఉంచే బొమ్మగా) పెట్టి దాని మీద గీసేస్తే పనైపోతుందనుకుంటారు చాలామంది. మీటరు దూరం నుంచి తీసిన ఫొటోలో, 85 మి.మీ. ముందుకు వచ్చిన ఉబ్బు అంచుకన్నా దాదాపు 9 శాతం పెద్దగా పడుతుంది. అంటే 400 మి.మీ. గీత 437 చూపిస్తుంది. నాలుగు మీటర్ల నుంచి జూమ్ లెన్స్‌తో తీస్తే తేడా 2 శాతం చిల్లరకు దిగుతుంది. స్టీల్ స్కేలుని అంచు ఉన్న తలంలోనే ఆనించి ఫొటో తీయాలి, క్యాలిబ్రేట్ కూడా ఆ స్కేలు మీదే చేయాలి. ఈ ఫొటోని బయటి ఆకారం గీయడానికి మాత్రమే వాడాలి. ఉబ్బు సంగతి ఫొటో చెప్పదు. దానికి పిన్నుల గేజ్ గానీ, అట్టముక్క కత్తిరించి చేసిన టెంప్లేట్ గానీ కావాలి. 70 మి.మీ.కి ఒకటి చొప్పున నిలువు సెక్షన్లు ఏడు తీశాం.

ఏడు తీసినా లాఫ్ట్‌కి (సెక్షన్ల మీదుగా సర్ఫేస్ పరిచే టూల్‌కి) వాడింది మూడే: ముందుది, మధ్యది, వెనకది. మిగతా నాలుగూ సరిచూసుకోవడానికి. ఏడింటినీ లాఫ్ట్‌లో పడేస్తే, ఒక్కో టెంప్లేట్‌లో ఉన్న అర మిల్లీమీటరు తప్పును కూడా సర్ఫేస్ నమ్మకంగా అనుసరిస్తుంది. వైర్‌ఫ్రేమ్‌లో ఏమీ కనబడదు, జీబ్రా (సర్ఫేస్ మీద నలుపు తెలుపు చారలు పడేలా చేసి చూసే పరీక్ష) పెట్టగానే మాత్రం అలలు. మూడింటితో చేసిన సర్ఫేస్ మిగతా నాలుగు టెంప్లేట్లకూ 1 మి.మీ. లోపు వస్తే దాన్నే ఉంచుకోవాలి. రాకపోతే నాలుగో సెక్షన్ చేర్చే ముందు రెయిల్ కర్వ్‌ని (లాఫ్ట్‌ని సెక్షన్ నుంచి సెక్షన్‌కి నడిపించే గీతని) అనుమానించాలి.

కర్వ్‌లు

సగం సమయం ఇక్కడే పోవాలి. సర్ఫేస్ పాడైందంటే నూటికి తొంభై సార్లు దాని కింద ఉన్న కర్వే పాడై ఉంటుంది, దాన్ని వదిలేసి సర్ఫేస్‌ని ఎంత దిద్దినా లాభం లేదు.

పెట్టిన ప్రతి పాయింటు గుండా పోయే ఫిట్ పాయింట్ స్ప్లైన్ వద్దు. పాయింట్లు పక్కనుంచి లాగితే వంగే కంట్రోల్ పాయింట్ స్ప్లైన్ తీసుకుని డిగ్రీ 5 పెట్టి, సరిగ్గా ఆరు పాయింట్లతో గీయాలి. ఆరే ఎందుకంటే, అంచు దగ్గర మొదటి పాయింటు చోటును నిర్ణయిస్తుంది, రెండోది దిశను, మూడోది వంపు ఎంతో నిర్ణయిస్తుంది. పక్క సర్ఫేస్‌తో జీ2 (చోటు, దిశతో పాటు వంపు కూడా కలవడం) కుదరాలంటే ఒక్కో చివర మూడేసి పాయింట్లు కావాలి, రెండు చివరలకూ కలిపి ఆరు. ఏడో పాయింటు పెట్టగానే కర్వ్ లోపల రెండు స్పాన్‌లుగా (ముక్కలుగా) చీలుతుంది, కుదుపు దాక్కునేది ఆ అతుకులోనే. ఈ గణితం పుట్టిందే కారు బాడీల కోసం: 1959లో సిట్రొయెన్‌లో ద కాస్టెల్జో, ఆ తర్వాత రెనోలో బెజియే. మన స్కూటర్ కవర్‌కి పనికిరాదన్న భయం అక్కర్లేదు.

గీసిన ప్రతి కర్వ్‌కీ కర్వేచర్ కోంబ్ (వంపు ఎంతుందో పళ్ల పొడవుతో చూపే దువ్వెన) ఆన్ చేయాలి. పళ్లు ఒకసారి పెరిగి ఒకసారి తగ్గితే బావున్నట్టు. పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగితే ఎక్కడో ఒక పాయింటు పక్క పాయింటుకి మరీ దగ్గరైంది. పళ్లు కర్వ్‌కి అవతలి పక్కకు దాటితే అక్కడ వంపు తిరగబడింది. ఈ కవర్‌లో అలా తిరగబడే చోటు ఒక్కటే, వెనక కింది మూల. ఇంకెక్కడ కనిపించినా తప్పే.

మూడు సెక్షన్లకూ డిగ్రీ, పాయింట్ల సంఖ్య ఒకటే ఉండాలి. ఒకటి ఆరుతో, ఇంకోటి తొమ్మిదితో ఉంటే లాఫ్ట్ రెండింటినీ సర్దడానికి తనకు తోచిన అదనపు గీతలు చొప్పిస్తుంది. సర్ఫేస్ మీద నిలువు, అడ్డ గీతల్ని చూపే ఐసోకర్వ్ అనాలిసిస్‌లో అవి కిక్కిరిసి కనిపిస్తాయి.

కింది పట్టీ చూడటానికి చదునుగా ఉంటుంది. అయినా నిజంగా చదునుగా గీయకూడదు, రంగు వేశాక లోపలికి కుంగినట్టు కనిపిస్తుంది. 400 మి.మీ. పొడవుకి 3 మి.మీ. ఉబ్బు ఇచ్చాం. అంటే రేడియస్ సుమారు 6.7 మీటర్లు. కంటికి తెలియదు గానీ, వెలుతురు పడినప్పుడు తేడా వస్తుంది.

లాఫ్ట్‌లో తరచూ వచ్చే ఎర్రర్ రెయిల్ ప్రొఫైల్‌ని (సెక్షన్ గీతని) తాకలేదన్నది. స్క్రీన్ మీద తాకినట్టే ఉంటుంది, జూమ్ చేస్తే 0.02 మి.మీ. ఖాళీ. రెయిల్ స్కెచ్‌లోకి ప్రొఫైల్ చివరి పాయింటుని ప్రొజెక్ట్ చేసి, దానికి కాయిన్సిడెంట్ (రెండూ ఒకే చోట ఉండాలన్న షరతు) కట్టడమే మందు. చేత్తో లాగి అంటించినది ఎప్పటికైనా ఊడుతుంది.

పెద్ద సర్ఫేస్‌లు, ఆపైన బ్లెండ్

పక్క ముఖం, పై ముఖం, ముందు అంచు, వెనక ముఖం, ఈ నాలుగూ ముఖ్యమైన సర్ఫేస్‌లు. ఒక్కోదాన్నీ కావాల్సినదానికంటే 20 మి.మీ. బయటికి పెంచి, ఒకదాన్నొకటి దాటిపోయేలా కట్టాలి. సరిగ్గా అంచు దగ్గర ఆగేలా కట్టాలని చూస్తే నాలుగు అంచులూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి, ఒక్కటి కదిపినా అన్నీ కూలతాయి. ఈ దశలో మూలలు పదునుగా, అందవికారంగానే ఉంటాయి. ఉండనివ్వాలి.

మూల గుండ్రం చేయడానికి మామూలు ఫిల్లెట్ ఎందుకు చాలదంటే, పక్క ముఖం రేడియస్ 1600 మి.మీ. దగ్గర ఉంది, ఫిల్లెట్ రేడియస్ 30. వంపు ఒక్కసారిగా మారిన ఆ గీత మెరిసే రంగులో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఫిల్లెట్‌లోనే జీ2 ఆప్షన్ ఉంది, నిడివంతా ఒకేలా ఉండే అంచుకి అది బాగానే పనిచేస్తుంది. అంచు క్రమంగా సన్నబడేచోట మాత్రం బ్లెండ్ (రెండు సర్ఫేస్‌లనీ నున్నగా కలిపే మరో సర్ఫేస్) కట్టుకోవడమే మేలు.

కట్టే పద్ధతి ఇది. రెండు సర్ఫేస్‌లు కోసుకునే అంచు చివర ప్లేన్ అలాంగ్ పాత్ (అంచుకి అడ్డంగా నిలిచే తలం) పెట్టి, దాని మీద 40 మి.మీ. రేడియస్ సర్కిల్ గీసి, ఆ అంచు వెంట సర్ఫేస్ స్వీప్ చేయాలి. గొట్టం వస్తుంది. ఆ గొట్టంతో రెండు సర్ఫేస్‌లనీ ట్రిమ్ చేస్తే అంచుకి అటూ ఇటూ సమానంగా ఖాళీ ఏర్పడుతుంది. గొట్టం దాచేసి, మిగిలిన రెండు అంచుల మధ్య లాఫ్ట్, రెండు వైపులా కర్వేచర్ జీ2, వెయిట్ 1. వెయిట్ 1.5 దాటిస్తే మధ్యలో బొడిపె లేస్తుంది. 90 డిగ్రీల మూలకి 30 రేడియస్ ఫిల్లెట్ అటూ ఇటూ 30 మి.మీ. తింటుంది. అదే చూపు రావాలంటే జీ2 బ్లెండ్‌కి దాదాపు మూడో వంతు ఎక్కువ చోటు కావాలి, గొట్టం 40 పెట్టడానికి కారణం అదే.

మూడు బ్లెండ్‌లు కలిసే మూల

అసలు తలనొప్పి ఇక్కడ. మూడు బ్లెండ్‌లు వచ్చి కలిస్తే త్రికోణపు కన్నం మిగులుతుంది. దాన్ని లాఫ్ట్‌తో మూస్తే ఒక అంచు మొత్తం ఒక బిందువుకి ముడుచుకుపోతుంది. చూడటానికి బాగానే ఉంటుంది గానీ, తర్వాత థికెన్ చేసేటప్పుడు (సర్ఫేస్‌కి మందం ఇచ్చేటప్పుడు) ఆ ముడి దగ్గరే ఆగిపోతుంది. నేరుగా ప్యాచ్ (కన్నాన్ని మూసే సర్ఫేస్) కొడితే మధ్యలో గుంట.

పనిచేసిన దారి: మూడింటిలో పెద్ద బ్లెండ్‌ని, అంటే పక్క ముఖానికీ పై ముఖానికీ మధ్య ఉన్నదాన్ని, మూల దాటించి వెనక ముఖం మీదికి ఆగకుండా నడిపించాలి. మిగిలిన చిన్న బ్లెండ్ వచ్చి దాని ఒడ్డున కలిసిపోవాలి. కలిసే చోట రెంటినీ 15 మి.మీ. వెనక్కి ట్రిమ్ చేస్తే నాలుగు అంచుల కన్నం వస్తుంది, దానికి ప్యాచ్ వేసి నాలుగు అంచులకూ జీ2 ఇవ్వాలి. చిన్నదీ, నాలుగు అంచులదీ అయితే ప్యాచ్ మర్యాదగా ప్రవర్తిస్తుంది. లోపల ఇంకా గుంట అనిపిస్తే ఇంటీరియర్ రెయిల్‌గా ఒక కర్వ్ ఇస్తే చాలు.

జీబ్రాలో చారలు అంచు దగ్గర తెగి పక్కకి జరిగితే జీ0 మాత్రమే కుదిరింది. కలిసి, కోణం తిరిగితే జీ1. అంచు ఎక్కడుందో కనిపెట్టలేనంత నున్నగా సాగితే జీ2. చారల్ని ఒకసారి నిలువు, ఒకసారి అడ్డం పెట్టి, మోడల్‌ని నెమ్మదిగా తిప్పుతూ చూడాలి. ఆపి చూస్తే మోసపోతాం. డెంటింగ్ షాపులో మేస్త్రీ రేకు మీద ట్యూబ్‌లైట్ ప్రతిబింబం వంకర పోతోందా అని తల వంచి చూసేది కూడా సరిగ్గా ఇదే పరీక్ష.

స్టిచ్, థికెన్

స్టిచ్‌లో (సర్ఫేస్‌లన్నిటినీ ఒకటిగా కుట్టే దశలో) ఎర్రగా మిగిలిన అంచులు అతకనివి. టాలరెన్స్ పెంచి మూసేయాలని చెయ్యి లాగుతుంది. పెంచితే స్టిచ్ అవుతుంది, థికెన్ అవదు. ఎర్ర అంచు దగ్గరకు వెళ్లి, రెండు పక్కల సర్ఫేస్‌ల్లో ఏది వేరే కర్వ్‌తో ట్రిమ్ అయిందో వెతికి, రెండింటినీ ఒకే కర్వ్‌తో మళ్లీ ట్రిమ్ చేయాలి.

థికెన్ లోపలికి 3 మి.మీ. ముందుగా మినిమమ్ రేడియస్ అనాలిసిస్ 3కి పెట్టి చూడాలి. లోపలి వైపు వంపు ఎక్కడైనా 3 కన్నా బిగుతుగా ఉంటే ఆఫ్‌సెట్ (లోపలికి జరిగిన సర్ఫేస్) తనని తానే కోసుకుంటుంది. జీ2 బ్లెండ్ మధ్య భాగం అదే వెడల్పు ఫిల్లెట్ కన్నా బిగుతుగా ఉంటుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. వెనక కింది మూలలో 2.6 వచ్చింది, అక్కడి బ్లెండ్‌కి వాడిన గొట్టం రేడియస్ 12 నుంచి 16కి పెంచితే 3.5కి చేరి థికెన్ అయింది.

ప్రింట్

ఈ ప్రింట్ ఫైబర్‌గ్లాస్ అచ్చుకి నమూనా. అందుకే డ్రాఫ్ట్ అనాలిసిస్‌లో (అచ్చు ఊడివచ్చేంత వాలు ఉందా అని చూసే పరీక్షలో) లాగే దిశకి కనీసం 2 డిగ్రీలు ఉండేలా చూశాం. లోపలికి మడిచిన కింది అంచు మాత్రం ఎలాగూ నెగెటివే, అక్కడ అచ్చు రెండు ముక్కలవ్వాలి. 256 మి.మీ. బెడ్ మీద, ముక్కల్ని నిలబెట్టి మూల నుంచి మూలకి పెడితే, కవర్ మూడు ముక్కలుగా వస్తుంది. కోత బ్లెండ్‌ల మీదుగా పోకుండా, వంపు తక్కువున్న చోట పడాలి. కలపడానికి 4 మి.మీ. పిన్నులు, 4.2 మి.మీ. కన్నాలు. ముక్కలు చేయకుండా పెద్ద మెషీన్ మీద తీయించాలనుకునేవాళ్లకి హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ (నమూనాలు తయారుచేసుకునే ప్రభుత్వ కేంద్రం) ఉంది.

ఎస్‌టీఎల్ (ఆకారాన్ని చిన్న త్రికోణాలుగా మార్చి ప్రింట్‌కి ఇచ్చే ఫైలు) తీసేటప్పుడు సర్ఫేస్ డీవియేషన్ 0.05 మి.మీ., నార్మల్ డీవియేషన్ 5 డిగ్రీలు. డీఫాల్ట్‌తో వదిలేస్తే జీ2 కోసం పడ్డ పాట్లన్నీ పలకలు పలకలుగా అచ్చవుతాయి. నమూనాకి పీఎల్ఏ ప్లాస్టిక్ సరిపోతుంది. కానీ అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి మే నెలలో డాబా మీద గానీ, మూసిన కారులో గానీ పెట్టకూడదు. ఫైబర్‌గ్లాస్ రెసిన్ గట్టిపడేటప్పుడు కూడా వేడెక్కుతుంది, అందుకే మందమంతా ఒక్కసారే వేయకుండా పొరలు పొరలుగా వేయాలి.

మిగిలినవి: గాలి ఆడే చీలికలు, లాక్ కొక్కెం, రబ్బరు బీడింగ్ కూర్చునే గాడి. చీలికల్ని థికెన్ అయిన బాడీ మీద, టైమ్‌లైన్ (చేసిన పనుల వరస) చివరే కోయాలి. ముందే సర్ఫేస్‌లో కోస్తే ఏ కర్వ్ కదిపినా ప్రతి చీలికా విడిగా ఎర్రబడుతుంది.