ఆరా, ఏడా, ఎనిమిదా

సెలవు రోజంతా స్పార్క్ ప్లగ్గులకే సరిపోయింది. నా టర్బో కారుకు పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పడింది, డౌన్‌పైప్ (టర్బో తర్వాతి పొగ గొట్టం) మారింది, పెంచిన బూస్ట్‌కు, అంటే టర్బో ఇంజిన్లోకి నెట్టే గాలి ఒత్తిడికి, తగ్గ ట్యూన్ కూడా అయిపోయింది. ప్లగ్గులు మాత్రం కారుతో వచ్చినవే. మూడో గేర్లో గట్టిగా తొక్కితే ఫుల్ బూస్ట్ దగ్గర బండి దగ్గినట్టు కుదుపుతోంది.

పొద్దున్నే నాలుగూ విప్పి వెలుతురులో పెట్టి చూశాను. తెల్ల పింగాణీ కొస మీద లేత గోధుమరంగు, నాలుగింటికీ ఒకేలా. మిరియం పొడిలా అల్యూమినియం చుక్కలు ఉంటే టెన్షన్ పడాల్సిందే, డిటోనేషన్ (ఇంధనం అదుపు తప్పి ఒక్కసారిగా పేలడం) పిస్టన్‌ను కొరుకుతోందని అర్థం. అవేమీ లేవు, హమ్మయ్య. గ్యాప్, అంటే స్పార్క్ దూకే సందు, మాత్రం 0.8 మి.మీ. దాటేసింది. కుదుపు అక్కడిదే. బూస్ట్ పెరిగేకొద్దీ సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది, అంత ఒత్తిడిలో స్పార్క్ దూకాలంటే కాయిల్ మరింత వోల్టేజ్ ఇవ్వాలి. ఇవ్వలేకపోతే మిస్‌ఫైర్, అంటే మంట సరిగా అంటుకోదు. కొత్తవాటికి 0.6 చాలు. ఇంకా తగ్గిస్తే స్పార్క్ బలహీనపడి ఐడిలింగ్ పాడవుతుంది.

అసలు తలనొప్పి హీట్ రేంజ్‌తో, అంటే ప్లగ్ తన వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పే అంకెతో. ఒక్కో ప్లగ్గుల కంపెనీది ఒక్కో లెక్క. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లటి ప్లగ్, బాష్‌లో పెరిగితే వేడిది. డెన్సోది మరో లెక్క, వాళ్ల 22 అంటే సుమారుగా ఎన్‌జీకే 7. ఇన్నేళ్లయినా వీళ్లంతా ఒక మాట మీదికి ఎందుకు రారో! చల్లటి ప్లగ్ అంటే స్పార్క్ చల్లబడుతుందని కాదు. పింగాణీ కొస పొట్టిగా ఉంటుంది కాబట్టి వేడి త్వరగా సిలిండర్ హెడ్‌లోకి దిగిపోతుంది, అంతే. కొస దాదాపు 450 డిగ్రీలకు తక్కువుంటే మసి పడుతుంది, 800 దాటి ఎర్రబడితే స్పార్క్ రాకముందే మంట అంటుకుంటుంది.

75 నుంచి 100 హార్స్‌పవర్ పెరిగితే ఒక మెట్టు చల్లటిది వేయమని ఎన్‌జీకే లెక్క. నాకు పెరిగింది దాదాపు అంతే కాబట్టి 6 నుంచి 7కి. ఎనిమిదైతే ఇంకా సేఫ్ అనే వాదన ఎప్పుడూ ఉండేదే. రేస్ ట్రాక్ మీద తిరిగే బండికైతే సరే, నాది సగం రోజు ట్రాఫిక్‌లో నత్తనడక నడిచేది. ఎనిమిది వేస్తే మసి పట్టి చస్తుంది.

ఇరిడియమా, నికెలా అన్న గొడవ నాకంత ముఖ్యం అనిపించదు. తరచూ మార్చే ఓపిక ఉంటే మామూలు నికెల్ ప్లగ్ ఏమీ తీసిపోదు. నాకు ఆ ఓపిక లేదు, ఇరిడియమే తీసుకున్నాను. దాని కొస సన్నం, కాబట్టి గ్యాప్ సరిచేసేటప్పుడు బిళ్ల గేజ్ దూర్చి తిప్పకుండా పై ఎలక్ట్రోడ్‌నే కొద్దికొద్దిగా వంచి, తీగ గేజ్‌తో కొలుచుకున్నాను.

సాయంత్రం ఇంజిన్ బాగా చల్లారాక ముందు చేత్తో తిప్పి, తర్వాత టార్క్ రెంచ్‌తో 25 న్యూటన్ మీటర్లకు బిగించాను. మరలకు గ్రీజు రాయలేదు, రాస్తే రెంచ్ చూపించే అంకెకన్నా ఎక్కువ బిగుసుకుంటుంది. అదే రోడ్డు, అదే మూడో గేర్, ఈసారి కుదుపు లేదు. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఒకటి విప్పి రంగు చూడాలి.