చెరువులో బాప్తిస్మం: కాపరి ముందుగా చూసుకోవాల్సినవి

వానలు తగ్గి చెరువులు నిండాయంటే మన సంఘాల్లో బాప్తిస్మాల మాట మొదలవుతుంది. క్రిస్మస్ దగ్గరపడేకొద్దీ పేర్లు ఇచ్చేవాళ్ళు పెరుగుతారు. ఆదివారం వాక్యం కోసం వారమంతా కష్టపడే కాపరులు (పాస్టర్లు) కూడా బాప్తిస్మానికి అంతగా సిద్ధపడరు. ముంచి లేపడమే కదా అనుకుంటారు. ఒక మనిషి తన పాత బతుకును సమాధి చేసి లేచే ఘడియ అది. అందులో తొందర ఉండకూడదు.

మొదటి సంగతి, పేరు ఇవ్వగానే తేదీ ఇవ్వొద్దు. ఫిలిప్పు ఐతియోపీయుడైన నపుంసకునికి దారిలోనే ఇచ్చాడు కదా అని కొందరు అడుగుతారు. ఆ నపుంసకుడు యెరూషలేముకు ఆరాధనకు వెళ్ళి, రథంలో యెషయా గ్రంథం చదువుకుంటూ తిరిగి వెళ్తున్నవాడు. మన దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది బైబిల్లో ఏ పుస్తకం ఎక్కడుందో ఇప్పుడిప్పుడే వెతుక్కుంటున్నారు. వారానికి ఒక్కటి చొప్పున కనీసం 8 తరగతులు పెట్టండి. పాపం, సిలువ, మారుమనస్సు, బాప్తిస్మం గురించి చెప్పే రోమా పత్రిక 6వ అధ్యాయం, ప్రార్థన, ప్రభు బల్ల ఇవన్నీ ఆరింటిలో సర్దుకోవచ్చు. మిగిలిన రెండూ ఇంటి సంగతులకే ఉంచండి. బతుకమ్మనాడు అత్తగారు పిలిస్తే ఏం చెప్పాలి, బోనాల పూట ఇంట్లో ఎలా మసలుకోవాలి, పెద్దల మనసు నొప్పించకుండా తన విశ్వాసం ఎలా నిలుపుకోవాలి అన్నవి ముందే మాట్లాడుకోవాలి. బాప్తిస్మం తర్వాత సంఘానికి రావడం మానేసినవాళ్ళలో ఎక్కువమంది సిద్ధాంతం దగ్గర కాదు, ఇక్కడే తడబడ్డవాళ్ళు.

పెళ్ళి కుదిరింది, వచ్చే వారంలోగా బాప్తిస్మం ఇవ్వండి అని వచ్చేవాళ్ళకు మెత్తగానే అయినా కాదనే చెప్పాలి. పెళ్ళి తేదీ వెనక్కి జరిగితే జరగనివ్వండి. జబ్బు నయమైతే తీసుకుంటానని మొక్కుకున్నవాళ్ళకూ, భార్యకో భర్తకో తెలియకుండా వచ్చినవాళ్ళకూ తరగతులన్నీ అయ్యాకే ఇవ్వాలి. 18 ఏళ్ళు నిండనివాళ్ళ విషయంలో తల్లిదండ్రులతో స్వయంగా మాట్లాడకుండా ముందుకు వెళ్ళొద్దు.

ఈ ఓపికకు మన తెలుగు సంఘాల చరిత్రలోనే సాక్ష్యం ఉంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం పని పట్టి వేలమందికి కూలి చూపించాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం ఎవరూ నీళ్ళలో దిగకూడదని. సహాయం పని ముగిశాకే మళ్ళీ మొదలుపెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు. మరుసటి ఏడాదే, 1879లో, హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ మొదలైంది. మన పక్కనున్న డోర్నకల్‌లో బిషప్ అజరయ్య పద్ధతి ఇంకొకటి. బాప్తిస్మం పొందినవాళ్ళు తలమీద చెయ్యి పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని చెప్పాల్సి ఉండేది. ఏ సంఘమైనా దీన్ని తీసుకోవచ్చు.

ఇక నీళ్ళ సంగతి. దీనిమీద ఎక్కువ రాస్తున్నానంటే ప్రాణాలతో పని కాబట్టి. 2015లో చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక మన చెరువుల్లో పూడిక తీశారు. జేసీబీలు మట్టి తీసిన చోట గోతులు నిట్టనిలువుగా ఉంటాయి. మోకాలి లోతు నీళ్ళలో నడుస్తుంటే తర్వాతి అడుగు తల మునిగే లోతులో పడవచ్చు. అందుకే ముందు రోజు సాయంత్రం అదే చెరువులో చేపలు పట్టేవాళ్ళను వెంటబెట్టుకుని, పొడుగు వెదురు కర్రతో అడుగడుగూ పొడిచి చూడండి. పదడుగుల చదరం చోటు ఖాయం చేసుకుని నాలుగు మూలలా కర్రలు పాతి తాడు కట్టండి. తూము దగ్గర, మత్తడి దుంకే చోట అసలే వద్దు. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) కాకతీయ కాలువలోకి ఎవరినీ దింపవద్దు. సిమెంటు వాలు పాకురు పట్టి జారుతుంది, వడి లాక్కుపోతుంది. గోదావరిలో అయితే పైన ప్రాజెక్టు గేట్లు ఎత్తారేమో కనుక్కుని, మనిషి తల ఎగువ వైపు ఉండేలా వాల్చాలి. అలా చేస్తే ప్రవాహమే లేపడానికి సాయపడుతుంది, ముక్కులోకి నీళ్ళు పోవు.

సర్పంచుకు ఒక మాట చెప్పండి. కట్ట మైసమ్మ గుడికి దూరంగా చోటు చూసుకోండి. బతుకమ్మ రోజుల్లో చెరువు ఊరి ఆడవాళ్ళది, ఆ రోజులు వదిలేయండి. మైకు పెడితే బ్యాటరీతో నడిచేదే పెట్టండి, తడి చేతికి కరెంటు వైరు అందకూడదు.

నీళ్ళు దిగినవాళ్ళ నడుము దాకా ఉంటే చాలు. ఎక్కువైతే కాళ్ళు తేలిపోతాయి, తక్కువైతే తల నేలకు తగులుతుంది. పొట్టివాళ్ళను ఒడ్డుకు కాస్త దగ్గరగా నిలబెట్టండి. వాళ్ళు ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో ఆ మణికట్టు పట్టుకోవాలి. కాపరి ఎడమచెయ్యి ఆ చేతులమీద, కుడిచెయ్యి మెడ కింద వీపుమీద. తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములో అన్న మాట పూర్తిగా పలికాకే వాల్చాలి. మాట మధ్యలో ముంచితే వాళ్ళకు వినపడదు. మోకాళ్ళు మడవమని ఒడ్డుమీదే రెండుసార్లు చేయించండి. భయంతో బిగుసుకుపోయినవాళ్ళే జారిపడతారు. బరువైనవాళ్ళు, ముసలివాళ్ళు ఉంటే అవతలి వైపు ఒక సంఘ పెద్ద నిలబడాలి. మూర్ఛ, గుండెజబ్బు ఉన్నవాళ్ళ సంగతి తరగతిలోనే అడిగి తెలుసుకోండి. షుగర్ మందులు వాడేవాళ్ళను ఉపవాసంతో నీళ్ళలోకి దింపొద్దు, కళ్ళు తిరుగుతాయి.

బట్టల విషయం ఆడవాళ్ళతో సంఘంలోని పెద్ద ఆడవాళ్ళే మాట్లాడాలి. చీర తడిస్తే కాళ్ళకు చుట్టుకుంటుంది. మందపాటి ముదురు రంగు పంజాబీ డ్రెస్సు, చున్నీ పిన్నులతో బిగించి ఉంటే మేలు. పలుచని తెల్లబట్ట వద్దు. బట్టలు మార్చుకోవడానికి రెండు చీరలు అడ్డం పట్టుకుంటే సరిపోదు, టెంట్‌హౌజ్ నుంచి నాలుగు వైపులా పరదాలు తెప్పించండి. ఫోన్లలో వీడియో తీయడం ఆపించండి, కావాలంటే బట్టలు మార్చుకున్నాక అందరినీ కలిపి ఒక ఫోటో చాలు.

చెరువు ఎండిన ఈస్టర్ రోజుల్లో చర్చి ఆవరణలో తొట్టి కట్టుకోవచ్చు. ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల నీళ్ళు అంటే దాదాపు 2,400 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్‌లో సగం. మెట్లకు గరుకు రాయి వేయించండి, నున్నటి టైల్స్ వద్దు.

రిజిస్టరు చెరువు గట్టుకే తీసుకెళ్ళండి. ఆధార్‌లో ఉన్నట్టే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, స్థలం, ఇచ్చిన కాపరి పేరు, ఇద్దరు సాక్షుల సంతకాలు. వారం తర్వాత గుర్తు తెచ్చుకుని రాసినవాటిలోనే పేర్లు తప్పుపోతాయి. రేపు పెళ్ళికి సర్టిఫికెట్ అడిగినప్పుడు ఆ కుటుంబం ఇబ్బంది పడుతుంది.